తిన్నావా? ఏం విన్నావు?

మా అమ్మాయి ఉద్యోగానికి పుణె వెళ్ళి రెండేళ్ళవుతోంది. రోజూ ఫోన్ చేస్తుంది. ‘‘తిన్నావా?’’ అంటే ‘‘తిన్నా’’, ‘‘ఒంట్లో బాగుందా?’’ అంటే ‘‘బాగుంది’’. అక్కడితో సరి. పిల్లలు దూరంగా ఉన్న తల్లులందరికీ ఈ నాలుగు ముక్కలూ పరిచయమే కదా! అందుకే మేమిద్దరం ఒక అలవాటు పెట్టుకున్నాం. ఆ వారం మనసుకి పట్టిన రికార్డు ఒకటి ఆదివారం తను నాకు పంపాలి, ఒకటి నేను తనకి పంపాలి. తనకి జాజ్ అంటే పిచ్చి. నాది కర్ణాటక సంగీతం.

మొదట పంపింది మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. 1959లో న్యూయార్కులో రెండే రోజుల్లో రికార్డు చేశారట. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, పాటంటే నాకు ముందు సాహిత్యమే. మాటల్లేని ఈ ట్రంపెట్టు నాకేం ఎక్కుతుందిలే అనుకుంటూ, పప్పులో పోపు వేస్తూ విన్నాను. ‘సో వాట్’ అనే మొదటిదాంట్లో బాస్ ఏదో చెబుతుంటే మిగతా వాద్యాలు రెండేసి స్వరాలతో ఊఁ కొడతాయి, అచ్చం కథ వింటున్న పిల్లల్లాగే! కాసేపటికి ఆ స్వరాలు తెలిసినవే అనిపించి, కూనిరాగం తీసి చూసుకున్నాను. ఖరహరప్రియ మెట్లు! వాళ్ళు డోరియన్ అంటారట. గమకాలుండవు, మధ్యలో మొత్తం అరస్వరం పైకి జరిపి మళ్ళీ దిగుతారు. దాన్ని రాగం అనలేం గానీ, మెట్లు మాత్రం అవే. వెంటనే ఎమ్మెస్ గారు పాడిన ‘పక్కల నిలబడి’ పంపాను. అదీ ఖరహరప్రియే. ‘‘అమ్మా, ఇక్కడ ఒక్కో స్వరం ఊగుతోందే!’’ అంటూ ఆ రోజు నలభై నిమిషాలు మాట్లాడింది.

రెండు నెలల క్రితం ఒక అర్ధరాత్రి కీత్ జారెట్ ‘కోల్న్ కాన్సర్ట్’ పంపింది. 1975 జనవరి 24న జర్మనీలో చేసిన కచేరీ. ఆయన అడిగిన పియానో రాలేదు. ఉన్నదాని పై స్వరాలు కీచుమంటాయి, కింది స్వరాలు సరిగా పలకవు. బాగా పలికే మధ్య స్వరాల్లోనే ఎక్కువగా తిరుగుతూ, ఎడమచేత్తో ఒకే వరస తిప్పి తిప్పి వాయిస్తూ, గంటకు పైగా అప్పటికప్పుడు అల్లాడు. కింద మా అమ్మాయి ఒక్క ముక్క రాసింది: ‘‘పియానో బాగాలేదమ్మా, అయినా వాయించాడు.’’

పొద్దున్నే ఫోన్ చేశాను. తిన్నావా అనలేదు. ‘‘నీకు ఎక్కడ పలకట్లేదు తల్లీ?’’ అన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఏడ్చింది. ఆఫీసులో కొందరిని తీసేసి, వాళ్ళ పని కూడా తన నెత్తినే పెట్టారట. మూడు నెలలుగా ‘‘బాగుంది’’ అంటూనే ఉంది.

మానెయ్యమనీ అనలేదు, ఓర్చుకోమనీ అనలేదు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారి కచేరీ ఒకటి పంపాను. మాండలిన్ మీద మీటిన నాదం ఎక్కువసేపు నిలవదు, గమకం పలికించడం కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంట తీగలు వద్దని ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. ‘‘ఉన్నదాంతో వాయించడం ఒక దారి, తీగలు మార్చుకోవడం ఇంకో దారి. ఏదైనా నీ ఇష్టం’’ అని రాశాను.

తర్వాత పైవాళ్ళతో మాట్లాడింది. పని కొంత తగ్గింది, పూర్తిగా కాదు. వేరే ఉద్యోగమూ వెతుక్కుంటోంది.

మీ పిల్లల్ని కూడా ఒకసారి ఏం వింటున్నారో అడగండి. పంపింది నచ్చకపోయినా చివరిదాకా వినండి. ఈ వారం నాకు కోల్ట్రేన్ ‘ఎ లవ్ సుప్రీమ్’ వచ్చింది. ఇంకా సగమే అయింది. ఇడ్లీ పిండి రుబ్బుకుని మిగతాది వినాలి.