పాత పెట్టె, కొత్త పెట్టె

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెత తెలియని తెలుగువాడు ఉండడు. అయితే సామెత తెలిసి ఉండడం వేరు, అది మన ముంగిట నిలిచి మనలను నిలదీయడం వేరు. గత వేసవిలో మా యింట జరిగిన ఒక ముచ్చట మాకు ఆ భేదాన్ని తెలియజేసినది. ముచ్చట చిన్నదే. ఒక ధ్వనియంత్రాన్ని తీసివేసి మరొక దానిని తెచ్చుకున్నాము. కాని ఆ పనిలో మేము నేర్చుకున్న శాస్త్రం కొంత, తెలుసుకున్న తప్పు కొంత ఉన్నది. ఆ రెండింటినీ విద్యార్థి మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము అనగా అన్నదమ్ములమిద్దరం. మాలో పెద్దవాడు భౌతికశాస్త్రం బోధిస్తాడు, చిన్నవాడు ఒక కార్యాలయంలో లెక్కలు చూస్తాడు. ఇద్దరమూ హైదరాబాదులో ఒకే యింట నాన్నగారితో కలిసి ఉంటున్నాము. నాన్నగారికి 78 ఏండ్లు. ఉద్యోగం గుమాస్తా పనియే అయినా యౌవనంలో ఆయన ప్రాణమంతా రేడియో పని మీదనే ఉండేది. 1984లో కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు ఏరి తెచ్చుకొని, ఒక్కొక్క రెసిస్టరునూ ఒక్కొక్క కెపాసిటరునూ స్వయంగా టంకం పెట్టి, ఆయన ఒక స్టీరియో ప్రీయాంప్లిఫయరును తయారు చేసినారు. తరువాతి సంవత్సరం దానికి తగిన పవర్ యాంప్లిఫయరు కూడా వారి చేతిమీదుగానే తయారైనది. ఆ రెండు పెట్టెలు మా యింటి ముందుగదిలో నలుబది ఏండ్లు పనిచేసినవి.

ప్రీయాంప్లిఫయరు అనగా ఏమో తెలియని మిత్రులకు ఒక మాట. రికార్డు ప్లేయరు, రేడియో, టీవీ వంటి వాటి నుండి వచ్చే బలహీనమైన విద్యుత్సంకేతాలలో మనకు కావలసిన దానిని ఎన్నుకొని, దాని స్థాయిని సరిచేసి, ముందుకు పంపేది ప్రీయాంప్లిఫయరు. ఆ సంకేతానికి స్పీకరును కదిలించేంత శక్తినిచ్చేది పవర్ యాంప్లిఫయరు. మొదటిది నిర్ణయాలు చేసే బుద్ధి అయితే, రెండవది బరువు మోసే భుజం. రెండింటినీ ఒకే పెట్టెలో ఇమిడ్చిన యంత్రాలను నేడు రిసీవరులు అంటున్నారు. నిజం చెప్పవలెనంటే సామాన్య గృహానికి రిసీవరే చాలును, ఖర్చు కూడా తక్కువ.

మా కోరికకు మూలం సినిమా. ఇంటికి పెద్ద టీవీ వచ్చిన నాటి నుండి, థియేటరులో వలె నలువైపుల నుండి శబ్దం వినవలెనన్న ఆశ మాలో చిన్నవానికి పుట్టినది. ఈ ఆశకు చరిత్ర లేకపోలేదు. ఇంగ్లండులో ఆలన్ బ్లూమ్లీన్ అనే ఇంజనీరు 1931లో రెండు మార్గాల ధ్వనికి పేటెంటు కోరినాడు. 1940లో డిస్నీ సంస్థ 'ఫాంటాసియా' చిత్రానికి అనేక స్పీకరుల ఏర్పాటు చేసినది గాని, పరికరాల బరువు వలన అది కొద్ది థియేటరులకే పరిమితమైనది. 1977లో 'స్టార్ వార్స్' చిత్రంతో డాల్బీ స్టీరియో ప్రఖ్యాతి పొందినది. 1987లో వచ్చిన డాల్బీ ప్రో లాజిక్ ఆ విద్యను గృహాలకు తెచ్చినది. 1992లో డాల్బీ ధ్వని అంకెల రూపంలో ఫిల్ముపై ముద్రితమైనది. 2012లో వచ్చిన డాల్బీ ఎట్మాస్ మన నెత్తిమీది కప్పును కూడా వదలలేదు.

చిన్నవాడు కప్పు మీద సైతం స్పీకరులు కావలెనన్నాడు. పెద్దవాడు పాస్ పుస్తకం చూపించినాడు. కొన్నాళ్లు వాదించుకొని, చివరకు ఐదు స్పీకరులు, ఒక సబ్ వూఫరు గల ఏర్పాటుతో రాజీపడినాము. నాన్నగారి పవర్ యాంప్లిఫయరు ఇంకను చక్కగా పనిచేయుచున్నది గనుక దానిని ముందటి రెండు స్పీకరులకు ఉంచి, తక్కిన మూడింటికి పాత సరుకులో మరొకటి కొన్నాము. ఈ కారణం చేతనే రిసీవరు గాక విడిగా సరౌండ్ ప్రీయాంప్లిఫయరు కొనవలసి వచ్చినది. పెద్దవాని రెండు నెలల జీతం దానికి సరిపోయినది.

కొత్త పెట్టె వచ్చిన నాడు నాన్నగారు కుర్చీలో కూర్చుండి చూస్తూ ఉన్నారు. మేము పాత ప్రీయాంప్లిఫయరు తీగలు విప్పి దానిని వరండాలో పెట్టినాము. దుకాణదారుడు దానిని తూకానికి తప్ప తీసుకొనలేనని ముందే చెప్పి ఉన్నాడు. ఆదివారం పాత సామాన్లవాడు వచ్చినపుడు ఇచ్చివేయవచ్చునని అనుకున్నాము. నాన్నగారు కొత్త పెట్టె వెనుకకు వంగి, కళ్లజోడు సవరించుకొని చాలసేపు పరిశీలించినారు. తరువాత ఒక్కటే ప్రశ్న అడిగినారు.

"బిడ్డా, దీనికి రికార్డు ప్లేయరు యాడ తగిలించాలె?"

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. హెచ్.డి.ఎం.ఐ. రంధ్రాలు ఏడు ఉన్నవి. రికార్డు ప్లేయరుకు మాత్రం చోటు లేదు. "ఇప్పుడు అన్ని పాటలూ ఫోనులో దొరుకుతాయి గదా నాన్నా" అని చిన్నవాడు అన్నాడు. నాన్నగారు "అట్లనా" అని లోపలికి వెళ్లిపోయినారు. ఆయన పెట్టెలో ఘంటసాల పాటల రికార్డులూ ఉన్నవి, బేగం అఖ్తర్ గజళ్ల రికార్డులూ ఉన్నవి. ఆ మహానుభావులిద్దరూ 1974లోనే కన్నుమూసినారు. ఆ యేడాది తాను ఇద్దరు ఆత్మబంధువులను పోగొట్టుకున్నానని నాన్నగారు చెప్పడం మేము ఎన్నోసార్లు విన్నాము. విన్నాము గాని ఆ క్షణాన గుర్తు రాలేదు.

మరునాడు కొలతల కార్యక్రమం. ఈ యంత్రంతో ఒక చిన్న మైకు వస్తుంది. దానిని మనిషి చెవి ఎత్తులో నిలిపితే, యంత్రం ఒక్కొక్క స్పీకరు నుండి పరీక్షాధ్వనిని పంపి, అది ఎంత దూరంలో ఉన్నదో, ఎంత బిగ్గరగా వినిపించుచున్నదో లెక్క కట్టుతుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, అనగా ఒక మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు. దగ్గరి స్పీకరు ధ్వనిని ఆ మేరకు ఆలస్యం చేసి, అన్నింటి ధ్వనీ ఒకేసారి మన చెవిని చేరేటట్లు యంత్రం సర్దుతుంది. మొదటిసారి లెక్కలన్నీ అస్తవ్యస్తంగా వచ్చినవి. కారణం నెత్తిమీద తిరుగుచున్న పంకా. దానిని ఆపి, ఏప్రిల్ ఉక్కలో చెమటలు కక్కుతూ, ఊపిరి బిగబట్టి ఇంటిల్లిపాదీ కూర్చున్నాము. పని ముగిసే సమయానికి వంటింట్లో కుక్కరు కూత వేసినది. మళ్లీ మొదటినుండి ఆరంభించవలసి వచ్చినది.

ఆ రాత్రి సినిమా పెట్టినాము. వాన గది నాలుగు మూలలా కురిసినది, రైలు మా వీపు వెనుక నుండి దూసుకొనిపోయినది. మేము ఆనందపడుచుండగా నాన్నగారు వచ్చి తలుపు దగ్గర నిలబడినారు. కొంతసేపటికి కూర్చున్నారు. కథలో తండ్రి కొడుకుతో ఏదో అనగానే ఆయన ఫక్కున నవ్వినారు. మేము ఉలికిపడినాము. దాదాపు రెండేండ్లుగా నాన్నగారు మాతో కూర్చుండి సినిమా చూడడం మానివేసినారు. వయసు మీద పడినది, విసుగు పెరిగినది అనుకున్నాము. మేమేదో అడిగితే వేరొక జవాబు చెప్పేవారు. అది పరధ్యానం అనుకున్నాము.

అసలు సంగతి శాస్త్రంలో ఉన్నది. వయసుతో మనిషి చెవి మొదట కోల్పోయేది హెచ్చు పౌనఃపున్యాలను. మాటలోని అచ్చులకు బలం తక్కువ పౌనఃపున్యాలలో ఉంటుంది. స, శ, త, చ వంటి హల్లుల గుర్తింపు చాలవరకు 2000 హెర్ట్జుల పైన ఉంటుంది. అందుచేత పెద్దలకు ఎవరో మాట్లాడుచున్నట్లు వినిపిస్తుంది గాని ఏమి మాట్లాడుచున్నారో తెలియదు. ఇక సినిమాలో సంభాషణలు ముఖ్యంగా మధ్య స్పీకరుకు కేటాయించి ఉంటారు. రెండు స్పీకరులు మాత్రమే ఉన్నచోట ఆ మాటలు వానతో, వాద్యాలతో కలగలిసిపోతాయి. ధ్వని పెంచితే మాటతో పాటు మోత కూడా పెరుగుతుంది. కొత్త యంత్రంలో మధ్య స్పీకరు విడిగా ఉన్నందున మాట విడిపడినది. మరునాడు దానిని ఒక్కదానిని 4 డెసిబెళ్లు పెంచినాము. నాన్నగారు తమ కుర్చీని ముందుగదిలోకి తెప్పించుకున్నారు.

రెండేండ్లు ఒక మనిషి మా పక్క గదిలో ఒంటరిగా కూర్చుండగా, మేము దానికి కోపమని పేరు పెట్టినాము. భౌతికశాస్త్రం బోధించే పెద్దవానికి ఈ సంగతి పాఠంగా తెలియనిది కాదు. తరగతిలో తెలిసినది ఇంట్లో తోచలేదు. ఈ మాట వ్రాయుటకు మాకు సిగ్గుగా ఉన్నది, అయినా వ్రాయక తప్పదు.

ఆ శనివారం రాత్రి మేమిద్దరం వరండాలోని పాత పెట్టెను తిరిగి లోపలికి తెచ్చినాము. రికార్డు ప్లేయరు సూది ఇచ్చే సంకేతం సుమారు 5 మిల్లీవోల్టులు మాత్రమే. దానిని దాదాపు నూరు రెట్లు పెంచవలెను. అంతేగాక, రికార్డు ముద్రించేటప్పుడు మంద్రధ్వనులను తగ్గించి, తారధ్వనులను హెచ్చించి ముద్రిస్తారు. వినేటప్పుడు దానికి సరిగా తలక్రిందులు చేయవలెను. ఈ కొలత 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ద్వారా స్థిరపడినది. ఈ రెండు పనులనూ నాన్నగారి పెట్టె నలుబది ఏండ్లుగా చేయుచున్నది. దాని వెనుక టేపు రికార్డరు కొరకు ఉంచిన ఒక జత రంధ్రాలు ఉన్నవి. అక్కడి నుండి తీగలు తీసి కొత్త యంత్రానికి తగిలిస్తే చాలునని తోచినది.

తగిలించి రికార్డు పెట్టినాము. పాట వచ్చినది, మాకు బాగానే ఉన్నదనిపించినది. నాన్నగారు చెయ్యెత్తి ఆపమన్నారు.

"కింద గుయ్యిమంటున్నది, మీకు వినొస్తలేదా?"

చెవి పెట్టి వింటే నిజమే. పాట అడుగున సన్నని గుంజారవం ఉన్నది. అది మన యిండ్లలోని 50 హెర్ట్జుల విద్యుత్తు మోత. ముదిమి తారధ్వనులను తీసుకొనిపోయినది గాని మంద్రధ్వనులను ముట్టుకొనలేదు. మేము వినికిడి లేదనుకున్న మనిషి మాకంటె ముందే దానిని పట్టినారు. ఆయన కుర్చీలో నుండి లేచి, రికార్డు ప్లేయరు నుండి వచ్చే సన్నని ఎర్తు తీగను వ్రేలితో తడిమి, వదులైన మరను స్క్రూడ్రైవరుతో బిగించినారు. రెండు యంత్రాలనూ వేరువేరు గోడలకు గాక ఒకే బోర్డుకు తగిలించమన్నారు. మోత పోయినది. మోత పోవడానికి ప్లగ్గులోని ఎర్తు పిన్నును విరుగగొట్టేవారు కొందరుంటారు. ఆ పని ప్రాణాపాయం గనుక మిత్రులు ఎన్నడూ చేయరాదు.

ఆ రాత్రి రికార్డు వింటున్నప్పుడు కొత్త యంత్రానికి రెండు స్పీకరులు మాత్రమే పలుకవలెనని ఆజ్ఞ ఇచ్చినాము. రెండు మార్గాలలో ముద్రించిన పాటకు ఐదు దిక్కులు అవసరం లేదు. ఘంటసాల తరువాత గజల్ వచ్చినది. నాన్నగారు కన్నులు మూసుకొని వినినారు. పాట ముగిసిన తరువాత, యంత్రం గీసిన మా గది ధ్వనిరేఖను టీవీ తెరపై చూసి, "గది చెవి పరీక్షించినారు గదా, నా చెవి గూడ పరీక్షించుండ్రి" అన్నారు. అంతకుముందు డాక్టరు మాట ఎత్తితే ఆయన ఒప్పుకొనేవారు కారు.

పరీక్షలో రెండు చెవులలోనూ తారధ్వనుల వినికిడి తగ్గినట్లు తేలినది. ఇప్పుడు ఆయన చెవికి చిన్న సాధనం ఉన్నది. దానికి అలవాటు పడడానికి నెలలు పట్టినది, నేటికీ కొన్ని మాటలు జారిపోవుచునే ఉన్నవి. ఏ ప్రీయాంప్లిఫయరూ పోయిన వినికిడిని తిరిగి తేలేదు. అయితే ఇంట్లో ఎవరు వినలేకపోవుచున్నారో మాకు చూపించినది మాత్రం ఆ యంత్రమే.

విద్యార్థి మిత్రులారా! కొత్త పరికరాలు కొనండి, వాటి శాస్త్రం తెలుసుకొనండి, అందులో దోషమేమియు లేదు. కాని పాతదానిని వరండాలో పెట్టే ముందు అది చేయుచున్న పని ఏదో ఒకసారి విచారించండి. ఇంట్లో ఒక పెద్దమనిషి మౌనంగా ఉన్నట్లయితే, ఆయనకు మన మాట వినిపించుచున్నదా అని దగ్గరకు పోయి, ఎదుట కూర్చుండి, నెమ్మదిగా అడగండి. మా ముందుగదిలో ఇప్పుడు రెండు పెట్టెలూ ఒకదానిమీద ఒకటి ఉన్నవి. పాతది పైన ఉన్నది. అది వేడెక్కుతుంది గనుక పైననే ఉండవలెనని నాన్నగారి తీర్పు.