రైలు దిగుట సకర్మకమా?

క్రియ సకర్మకమా, అకర్మకమా అనునది ఉన్నత పాఠశాల వ్యాకరణమున ఒక్క మార్కు ప్రశ్న. దీనికి తరగతులలో తరచుగా చెప్పబడు ఉపాయము ఒకటి కలదు: వాక్యమున ‘ని, ను’ కనబడినచో సకర్మకము, లేనిచో అకర్మకము. ఉపాయము సులభమే గాని తెలుగునకు ఒదగదు.

హైదరాబాదులోని బోరబండ వంటి పేటలో ఇది తేటపడును. అచట ఎం.ఎం.టి.ఎస్. స్టేషను కలదు గనుక ఉదాహరణములకు వెదుకులాట లేదు. ‘రైలు ఆగింది’, ‘డ్రైవరు రైలు ఆపాడు’. రెండవ దానిలో ప్రత్యయము లేదు, కర్మ ఉన్నది. ఆగు-ఆపు, నిండు-నింపు, తిరుగు-తిప్పు అను జంటలు పిల్లల నోట నిత్యము ఆడుచున్నవే. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి జడవాచకములకు ద్వితీయార్థమున ప్రథమ బహుళముగా వచ్చునని విధించియే యున్నాడు. పాప పాలు తాగును. తల్లి మాత్రము పాపను ఎత్తుకొనును. ఉర్దూ ఇంటిభాషగా గల బాలునికిని ఇది క్రొత్త గాదు. అతని భాషలోను మనుష్యుని పిలుచుచోట ‘కో’ చేరును, పుస్తకము చదువుటకు అది అక్కరలేదు.

పోర్చుగీసువారు మనకు తువాలు, బొత్తాము, అల్మారా వంటి నామములనిచ్చిరి. వారి వ్యాకరణమున ఉపపదమేదియు లేక కర్మను నేరుగా గ్రహించు క్రియ ప్రత్యక్ష సకర్మకము. కొనుట యట్టిది. ఇష్టపడుట అనుదానికి ‘ది’ అను ఉపపదము కావలెను గనుక అది పరోక్షము. అచటను చిక్కు లేకపోలేదు. సినిమా చూచుట అను అర్థమున ‘అసిస్తీర్’ క్రియకు ‘అ’ చేర్చవలెనని పాఠ్యగ్రంథములు చెప్పును. బ్రెజిలు జనులు తరచుగా దానిని విడుతురు. దేవుని ప్రేమించుట అనుచోటనో, ప్రత్యక్ష కర్మకే ‘అ’ తగులుకొనును.

బోరబండలో ఏడవ తరగతి బాలిక యొకతె ‘అన్న రైలు దిగాడు’ అను వాక్యము సకర్మకమని వ్రాసి ఆ మార్కు పోగొట్టుకొన్నది. ఇరుగింటి వృద్ధ పండితుని అడిగినది.

“తాతగారూ, ఏమి ఎక్కాడంటే రైలు. ఏమి దిగాడన్నా రైలే కదా?”

“ఎక్కడంలో నీకు సందేహం లేదు కదమ్మా?”

“లేదండీ.”

“అయితే చిక్కంతా దిగడంలోనే ఉంది.”

పాఠశాలలో కౌముది వల్లించినవానికి ఎక్కుట తేలిక: ఆరోహణమునకు వృక్షము కర్మ. దిగుటలో విశ్లేషము కలదు గావున రైలు అపాదానము, పంచమి రావలెను. తెలుగున ‘రైలు నుంచి దిగాడు’ అనియు అందురు. ‘రైలు దిగాడు’ అనుటయే మిక్కిలి వాడుక. సంస్కృత కారకమును తెలుగు వాక్యముపై ఉన్నదున్నట్లు మోపరాదు. గమ్ ధాతువునకు గ్రామము కర్మ, పాణిని 2.3.12లో దానికి చతుర్థిని సైతము అనుమతించెను. తెలుగువాడు ఊరికి వెళ్ళును, ఊరిని వెళ్ళడు. అట్లని ‘వెళ్ళు’ సకర్మకమని ఏ తెలుగు పండితుడును అనడు. గమనమున సంస్కృతమును ప్రక్కన పెట్టినవారు అవరోహణమున దానినే ప్రమాణము చేయుట ఎట్లు పొసగును?

బాలిక ‘ఏమి’ అను ప్రశ్న వేసి ఉత్తరము రాబట్టినది. ఆకాంక్షను పరీక్షించుటయన అదియే. దిద్దినవారు ‘ను’ కొరకు మాత్రమే చూచిరి. పండితుడు ఆమె కాగితముపై రెండు పక్షములను వ్రాసి, కారణము చెప్పినచో ఏ పక్షమునకైనను మార్కు ఈయవలెనని క్రింద చేర్చెను. బాలిక దానిని మరునాడు బడికి తీసికొనిపోయినది.