గ్రాము గింజలు... ఏడాది బతుకు

పొగాకు విత్తనం ఎంతుంటుంది? చిటికెడు తీసుకుంటే వందల గింజలు! ఒక్క గ్రాములోనే 10,000కు పైగా ఉంటాయి. అందుకే ఇసుకలో కలిపి మడిలో చల్లుతారు. లోతుగా పడితే మొలకెత్తదు, దానికి వెలుతురు కావాలి. పైన వరిగడ్డి పల్చగా పరిచి, రోజుకు నాలుగైదుసార్లు చిల్లుల క్యాన్‌తో నీళ్లు చిలకరించాలి. ధార గట్టిగా పడిందా... గింజలన్నీ ఓ మూలకు కొట్టుకుపోతాయి.

కొల్లేటి ఒడ్డు నుంచి జంగారెడ్డిగూడెం మెట్టకు కోడలిగా వచ్చిన ఆమెకు ఈ ఓపిక కొత్త కాదు. పుట్టింట నర్సరీ చెరువులో చేపపిల్లల్ని సాకడం చూస్తూ పెరిగింది. ‘‘నీది తేలిక చెయ్యమ్మాయ్, నువ్వే నీళ్లు పెట్టు’’ అంటూ అత్తగారు మొదటి ఏడే క్యాన్ చేతికిచ్చారు.

ఆ ఏడే ముసురు పట్టింది. పచ్చగా ఉన్న నారు మొదళ్ల దగ్గర మెత్తబడి వాలిపోయింది. నారుకుళ్లు తెగులు! అప్పటికే కౌలు కట్టేశారు, బ్యారన్‌కు కట్టెలూ దించేశారు. బయట నారు కొనడానికి ఆమె గాజులు తాకట్టుకు వెళ్లాయి.

మరుసటి ఏడాది ట్రేలు తెచ్చారు. రాజమండ్రిలో 1947లో ఏర్పడిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ప్రోత్సహించిన పద్ధతి ఇది. మడిలో మొలిచిన చిన్న మొక్కల్ని నెల రోజులకు అటూఇటూగా, మాగిన కొబ్బరిపొట్టు నింపిన ట్రేల్లోకి మారుస్తారు. ట్రేకి 98 గుంతలు, గుంతకో మొక్క. ఇంటి పక్కనే షేడ్‌నెట్ నీడలో ఉంచుతారు. వేళ్లు బాగా అల్లుకుంటాయి కాబట్టి పొలంలో నాటాక తొందరగా కుదురుకుంటాయి. ఆ తర్వాత ఆమె నారు కొనాల్సిన అవసరం రాలేదు.

కానీ ఈ వర్జీనియా ఆకు చేరేది సిగరెట్లలోకే. ఆమె నాన్న ఆ అలవాటు మానలేకపోయారు. ఏలూరు ఆసుపత్రిలో చివరి రోజుల్లో ఊపిరి తీయడానికే అల్లాడిపోయారు. ఇప్పుడు పదో తరగతి చదువుతున్న కొడుకు ట్రేలు మోస్తూ ఓ రోజు అడిగాడు... ‘‘తాతయ్య పోయింది దీనివల్లే కదమ్మా?’’

అవునంది. బ్యాంకు వాయిదాల సంగతీ దాచకుండా చెప్పింది. నువ్వు మాత్రం దాని జోలికెళ్లకని మాట తీసుకుంది.

ఈసారి షేడ్‌నెట్ కింద ఓ వరస ట్రేల్లో మిరప విత్తనం పెట్టింది. బాగానే మొలిచింది. నారు అమ్ముతారా అని పొరుగు రైతు ఒకాయన అడిగి వెళ్లారు. వచ్చే ఏడు రెండు వరసలు వేయాలన్నది ఆమె ఆలోచన.