అర్థాపత్తి – కృష్ణపదార్థ పరివేషములు

దేవదత్తుడు పగలు భుజింపడు. అయినను పుష్టిగా ఉన్నాడు. కావున రాత్రి భుజించుచున్నాడని గ్రహింపవలెను. మీమాంసకులు అర్థాపత్తి ప్రమాణమునకు చెప్పు ప్రసిద్ధోదాహరణము ఇది. కనబడిన విషయము మరియొకదానిని అంగీకరింపనిదే పొసగనప్పుడు, కనబడని ఆ రెండవదానిని అంగీకరించుటయే అర్థాపత్తి. ఆధునిక ఖగోళశాస్త్రము కృష్ణపదార్థమును గ్రహించినది ఈ మార్గముననే.

1933లో ఫ్రిట్జ్ జ్విక్కీ కోమా సమూహములోని గెలాక్సీల వేగములను పరిశీలించినాడు. కనబడు ద్రవ్యము మాత్రమే ఉన్నచో అంతటి వేగమునకు ఆ సమూహము ఎన్నడో చెదరిపోవలసినది, చెదరలేదు. 1970వ దశకమున వెరా రూబిన్ సర్పిలాకార గెలాక్సీల భ్రమణమునందును ఇట్టి వైషమ్యమునే చూపినారు. నేటి గణన ప్రకారము కృష్ణపదార్థము సామాన్యపదార్థమునకు సుమారు 5 రెట్లు. ప్రతి గెలాక్సీయు అట్టి అదృశ్య పరివేషము నడుమ నెలకొని ఉన్నదని శాస్త్రజ్ఞుల సామాన్యాభిప్రాయము.

ద్రాక్షారామ భీమేశ్వరుని సేవించు భక్తులకు ఈ విషయమును ఒక దృష్టాంతముచే తెలియవచ్చును. ఆ క్షేత్రము చుట్టునున్న గ్రామములలో 27 నక్షత్రములకు, ఒక్కొక్కదానికి 4 పాదముల చొప్పున, 108 శివాలయములు కలవని సంప్రదాయము. దీనిని భీమమండలమందురు. పల్లెలో ఒక్క దీపముతో వెలుగు చిన్న గుడిని విడిగా చూచినవాడు దానిని ఏకాకి అనుకొనును. మండలమెరిగినవాడు అది అచ్చట ఉండుటకు హేతువును గ్రహించును.

మసక గెలాక్సీల విషయమును ఇట్టిదే. 2015లో పీటర్ వాన్ డొక్కుమ్ బృందము కోమా సమూహ దిశలో 47 అతిపలుచని గెలాక్సీలను గుర్తించినది. విస్తృతిలో అవి పాలపుంతకు సాటి. నక్షత్రరాశిలో శతాంశమునకును లోపు. సామాన్యముగా గురుతరమైన పరివేషములు దట్టముగా గుమిగూడును, అల్పమైనవి చెదరి ఉండును. కాని 2025లో నేచర్ పత్రికయందు ప్రకటితమైన ఒక పరిశోధనలో, ఒంటరిగా ఉండు వామన గెలాక్సీలలో పలుచనివే సాంద్రమైనవానికంటె అధికముగా గుమిగూడి ఉన్నట్లు తేలినది.

దీనికి ఆ పరిశోధకులు సూచించిన సమాధానము ఆలోచింపదగినది. సమాన ద్రవ్యరాశి గల చిన్న పరివేషములలో ముందుగా ఏర్పడినవి అధికముగా గుమిగూడును. కృష్ణపదార్థ కణములు పరస్పరము ఢీకొనుచున్నచో, ప్రాచీన పరివేషములలో ఆ సంఘర్షణకు దీర్ఘకాలము లభించి కేంద్రము పలుచబడును. అందలి గెలాక్సీయు పలుచనగును. అనగా నేటి ఆకృతికిని, పొరుగునకును జన్మకాలమే ఉమ్మడి హేతువు. ఇది ఇంకను సిద్ధాంతము కాదు, ప్రతిపాదన మాత్రమే.

ఇచ్చట సాధకునికి ఒక జాగ్రత్త అవసరము. కృష్ణపదార్థమే పరబ్రహ్మమనియు, మహాకాళియనియు చెప్పువారు పెక్కురు కలరు. కంటికి కనబడకున్నను దానికి ద్రవ్యరాశి కలదు, దేశపరిమితి కలదు, లెక్కకు అందుచున్నది. కావున అది దృశ్యకోటిలోనిదే. క్షేత్రమే గాని క్షేత్రజ్ఞుడు కాదు. అన్యథా ఉపపత్తి లభించినచో అర్థాపత్తి నిలువదు. గురుత్వనియమమునే సవరించిన చాలునని 1983లో మిల్‌గ్రోమ్ ప్రతిపాదించి ఉన్నాడు. రేపు అట్టి వాదము గెలిచినచో, కృష్ణపదార్థముపై కట్టిన భక్తి ఏమగును?

ద్రాక్షారామ లింగము రెండంతస్తుల ఎత్తున నిలిచినది. పైఅంతస్తున శిరోభాగమును దర్శించినవాడు లింగమంతయు చూచితిననడు. క్రింది భాగము లేదనియు అనడు. శాస్త్రమునందును, ఉపాసనయందును ఈ వినయమే సాధకునికి రక్ష.

సర్వం శివార్పణమస్తు.