పచ్చగుడ్డ మీద గోళీలాట

బెంగళూరులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి ఆదోని. స్టేషన్ బయట ఉగ్గాని బజ్జీ తిని, ఎమ్మిగనూరు బస్సెక్కి, అక్కడ ఇంకో బండి మారితే మా నందవరం. పండక్కో పబ్బానికో నేను చేసే ప్రయాణం ఇంతే. ఈసారి మాత్రం ఆదోనిలోనే సగం రోజు ఆగిపోయాను. "అన్నా, ఊరికి పోకముందు నా ఆట చూసి పో" అని మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు మరి.

వాడు ఒక పత్తి వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాడు. పని అయిపోతే బజారులో మేడ మీదున్న స్నూకర్ గదికి వెళ్తాడు. ఆదివారమైతే పొద్దున్నుంచీ అక్కడే. గదిలో ఒకటే టేబుల్. పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. చుట్టూ పత్తి పండే ఊళ్లు, టేబుల్ మీద మాత్రం ఉన్ని గుడ్డ! దాని కింద రాతి పలక ఉంటుందని చెబితే, "బేతంచర్ల బండనా అన్నా?" అన్నాడు. కాదు, స్లేటు రాయి.

వాడి ఆట చూసి నాకు మాట రాలేదు. మా ఆఫీసులో నేనూ ఆడతాను గానీ, నాది కట్టెతో బంతిని పొడవడం. వీడు తర్వాతి బంతికి తెల్లది ఎక్కడ ఆగాలో ముందే అనుకుని కొడతాడు. క్యారమ్స్‌లో నన్ను ఏడిపించిన చెయ్యే అది.

ఆట ముగిశాక అసలు విషయం బయటపెట్టాడు. "పని మానేస్తా. నీ రూములో ఆర్నెల్లు ఉండనీ. పంకజ్ అద్వానీ నేర్చుకునింది బెంగళూరులోనే కదా. ఏషియన్ గేమ్స్ ఆడాల నేను."

వాడికి ఆ పేరు ఎక్కించింది నేనే. 2010లో గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత్‌కు తొలి స్వర్ణం తెచ్చింది అద్వానీయే, ఇంగ్లిష్ బిలియర్డ్స్‌లో. 2006లో దోహాలోనూ ఆయనే. అంతకుముందు 1998లో, ఈ ఆటలు మొదటిసారి చేరిన బ్యాంకాక్‌లో, గీత్ సేథీ, అశోక్ శాండిల్య జంటగా స్వర్ణం కొట్టారు. ఇవన్నీ కథల్లా చెప్పాను గానీ, తర్వాత ఏమైందో చెప్పలేదు. 2014 ఇంచియాన్ నుంచి ఆసియా క్రీడల్లో ఈ ఆటల్లేవు. జకార్తాలో లేవు, హాంగ్‌ఝౌలో లేవు. హాంగ్‌ఝౌలో వీడియో గేములకు కూడా పతకాలిచ్చారు! ఒలింపిక్స్‌లో ఎప్పుడూ లేవు. వరల్డ్ గేమ్స్ అని వేరే ఉన్నాయి. 2013లో కొలంబియాలోని కాలీలో మన ఆదిత్య మెహతా స్నూకర్ స్వర్ణం గెలిచాడు. కానీ ఆ పోటీల పేరు మా ఊళ్లో ఎవరికి తెలుసు?

మెట్ల మీద కూర్చోబెట్టి అంతా చెప్పేశాను. వాడు చాక్ అంటిన వేళ్లు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "మళ్లీ పెట్టరా?" అన్నాడు. పెట్టినా అప్పటికి నీ వయసెంత అనబోయి ఊరుకున్నాను. "పని మానొద్దు. సెలవు దొరికినప్పుడల్లా రా, రూము నీదే" అన్నాను. సరేనన్నాడు గానీ, మొహంలో వెలుగు లేదు.

సాయంత్రం ఇద్దరం నందవరం చేరాం. చిన్నాన్న అరుగు మీదే ఉన్నాడు. "ఏమప్పా, వానికి నాలుగు మాటలు చెప్పినావా? ఎప్పుడు జూసినా కట్టె పట్టుకోని గోళీలాడతాడు."

"చెప్పినా చిన్నాన్నా. కానీ వాడు చానా బాగా ఆడతాడు."

చిన్నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, వాడు లోపలికి పోయాడో లేదో చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"అది జూడాలంటే టికెట్ ఏమన్నా ఉంటాదా?"