బాప్తిస్మం రిజిస్టరు

మా తుమ్మపాల దగ్గర శారదానది వేసవికి సన్నబడిపోతుంది. అయినా ఎక్కడో ఒక మడుగులో నడుం లోతు నీళ్ళు మిగిలేవి. మా సంఘంలో బాప్తిస్మాలు అక్కడే. మేం బాప్టిస్టులం. నీళ్ళు చిలకరిస్తే చెల్లదు, మునగాలి. నేను మునిగింది 1986 ఏప్రిల్లో, పదిహేడేళ్ళప్పుడు. అయ్యగారు ఒక చెయ్యి నా మెడ వెనకా, ఒక చెయ్యి ముక్కు మీదా పెట్టి వెనక్కి వాల్చేసరికి చెవుల్లోకి నీళ్ళు పోయాయి. ఒడ్డున పాడుతున్న పాట ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు వినిపించింది. లేచి కళ్ళు తుడుచుకుంటే ఎదురుగా మా అయ్య, చంకలో నల్లట్ట పుస్తకం.

అది బాప్తిస్మం రిజిస్టరు. అయ్య పంచదార ఫ్యాక్టరీలో సీజన్ కూలి. క్రషింగ్ నడిచే నాలుగైదు నెలలూ షిఫ్టులు, తర్వాత దొరికిన పని. సంఘంలో మాత్రం ఆయన కార్యదర్శి. చదివింది ఎనిమిదే గానీ దస్తూరీ ముత్యాలు. బాప్తిస్మం అయినవాళ్ళ పేరు, తండ్రి పేరు, వయసు, తేదీ, పక్కన అయ్యగారి సంతకం. ఆ పుస్తకం మా ఇంట్లో ట్రంకు పెట్టెలో, అమ్మ పెళ్ళిచీర మీద ఉండేది. దేవుడి దగ్గర జీవగ్రంథం ఉంటుందని సండే స్కూల్లో చెప్తే, అది కూడా మా అయ్యే రాస్తాడేమో అనుకునేవాడిని.

రెండేళ్ళకి కుల ధ్రువీకరణ పత్రం కావలసి వచ్చింది. పై చదువుకి సీటు, ఫీజు, స్కాలర్‌షిప్పు అన్నీ ఆ కాగితం మీదే ఆధారం. అయ్యా నేనూ మండలాఫీసుకి వెళ్ళాం. అక్కడి ఉద్యోగి చెడ్డవాడేం కాదు. కళ్ళజోడు పైనుంచి చూసి, "ఆదివారం ఎక్కడికెల్తావు?" అని అడిగాడు.

"ఎక్కడికీ ఎల్లనండి."

"ఇంట్లో ఏ దేవుణ్ణి కొలుస్తారు?"

"నూకాలమ్మనండి."

ఆయన నవ్వాడు. ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని మాకూ తెలుసు. అయ్య పక్కనే నిలబడి కిటికీలోంచి బయటకి చూస్తున్నాడు. 'హిందూ–మాల' అని రాసి, ముద్ర కొట్టి ఇచ్చారు. తిరుగుదారిలో సైకిలు తొక్కుతూ అయ్య ఒక్కమాటే అన్నాడు: "ఆకలేస్తందేటిరా?" బెల్లం మార్కెట్టు దగ్గర ఇడ్లీ తిన్నాం.

ఆ కాగితంతోనే చదువుకున్నాను, దాంతోనే ఉద్యోగం వచ్చింది. ఏ శాఖో రాయను. ఆదివారాలు ఇప్పటికీ చర్చికి వెళ్తాను. కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరిగేది చాలా వారాలు నేనే.

రాజకీయాల్లో క్రైస్తవ నీతి గురించి మాట్లాడమంటే చాలామంది గాంధీ చదివిన కొండమీద ప్రసంగంతోనో, మార్టిన్ లూథర్ కింగ్‌తోనో మొదలుపెడతారు. నాకు మాత్రం ఆ మండలాఫీసు గుర్తొస్తుంది. పది ఆజ్ఞల్లో అబద్ధ సాక్ష్యం పలకొద్దన్నది ఒకటి. చిన్నప్పుడు కంఠతా పట్టించారు. పెద్దయ్యాక నేను ప్రభుత్వం ముందు మొదట చెప్పిందే అబద్ధ సాక్ష్యం. పైగా ఆ ప్రభుత్వం నా దగ్గర కోరుకున్నదీ అదే.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చట్టం చెప్పాలి. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దానిలో మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం వాడు కాడు. 1956లో సిక్కులని కలిపారు, 1990లో బౌద్ధులని కలిపారు. క్రైస్తవులూ ముస్లింలూ బయటే ఉండిపోయారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఈ మతం షరతు తీసేయమంది. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలకి బీసీ-సి అని ఒక గది ఉంది, రిజర్వేషన్ ఒక్క శాతం. ఇంకో విచిత్రం చూడండి. మా ఊరి నుంచి పాడేరు వైపు ఘాట్ రోడ్డు ఎక్కితే అక్కడి గిరిజనుడు బైబిల్ చేతపట్టుకున్నా గిరిజనుడే. ఎస్టీ ఉత్తర్వులో మతం మాట లేదు. ఘాట్ కింద ఒక న్యాయం, పైన ఒక న్యాయం.

ఈ చట్టం వెనకున్న నమ్మకం ఏమిటంటే, క్రైస్తవంలో కులం లేదు కాబట్టి మునిగి లేచినవాడికి కులం పోతుందని. నేను మునిగి లేచాను. నీళ్ళు కారుతూ ఇంటికి నడిచొస్తుంటే దారిలో టీ కొట్టాయన నాకు విడిగా పెట్టిన గ్లాసులోనే టీ పోశాడు. నా పాపాలు పోయాయో లేదో ఆయనకి తెలీదు గానీ, నా కులం పోలేదని మాత్రం కచ్చితంగా తెలుసు. ఆమాటకొస్తే చర్చికీ తెలుసు. మన క్రైస్తవ పెళ్ళి సంబంధాల ప్రకటనలు చదవండి, సువార్త ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది.

2025 ఏప్రిల్ చివర్లో మన హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కులం పేరుతో తిట్టారనీ కొట్టారనీ ఒక పాస్టరు కేసు పెట్టాడు. పదేళ్ళుగా పాస్టరుగా ఉన్నవాడు ఎస్సీ ఎస్టీ అత్యాచారాల చట్టాన్ని ఆశ్రయించలేడని, సర్టిఫికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన సరిపోదని కోర్టు కేసు కొట్టేసింది. అంతకుముందు 2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం తీసుకుని రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనంది. ఆ కేసులో సాక్ష్యాల్లో ఒకటి చర్చి బాప్తిస్మం రిజిస్టరు. పేపర్లో ఆ ముక్క చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. 1993 చట్టం ప్రకారం కలెక్టరు విచారణ జరిపి సర్టిఫికెట్ రద్దు చెయ్యొచ్చు. నాకు రిటైర్మెంటు దగ్గరపడింది. లెక్కలు వేసుకోలేదని చెప్తే అదింకో అబద్ధం.

మరి అధికారంలో ఉన్న క్రైస్తవుల సంగతి? 2024 సెప్టెంబరులో తిరుమల డిక్లరేషన్ గొడవ రేగినప్పుడు, జగన్మోహన్ రెడ్డి తాను నాలుగు గోడల మధ్య బైబిల్ చదువుతానని విలేకరుల ముందే చెప్పారు. ఆ మాట అన్నందుకు మా చర్చిలో చాలామంది మురిసిపోయారు. నేనూ తక్కువ చెయ్యను. కానీ ఆ మాట అనడానికి ఆయన ఏ కాగితమూ పోగొట్టుకోనక్కర్లేదు. రెడ్డి బైబిల్ చదివినా రెడ్డే. మాల బైబిల్ చదివితే వీధిలో మాల, ఆఫీసులో కాదు. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా 2023 మార్చిలో దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వమని అసెంబ్లీ తీర్మానం చేసింది. 2009లో వాళ్ళ నాన్నగారి హయాంలోనూ అలాంటి తీర్మానమే. తీర్మానం ఢిల్లీకి వెళ్తుంది. వెళ్ళడమే దాని పని. మార్చాల్సింది పార్లమెంటు కాబట్టి ఇక్కడ చెయ్యి ఎత్తినవాడికి పైసా ఖర్చు లేదు, మా వాడకి వచ్చి చెప్పుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

2020లో కోవిడ్ సాయం అని అర్చకులకీ, ఇమాములకీ, పాస్టర్లకీ తలా 5,000 ఇచ్చారు. తర్వాత పాస్టర్లకి నెలకి 5,000 గౌరవ వేతనం వచ్చింది. 2024లో ప్రభుత్వం మారినా అది ఆగలేదు. నాతాను ప్రవక్త దావీదు దగ్గర నెలజీతం తీసుకుని ఉంటే, ఎదురుగా నిలబడి ఆ గొర్రెపిల్ల కథ చెప్పేవాడా అని నేను ఒకసారి మా యువ పాస్టరుని సరదాగా అడిగాను. ఆయన నవ్వలేదు. "అన్నా, నాకిద్దరు పిల్లలు. మీ కానుకలు నెలకెంత వస్తాయో సంచి పట్టుకునేవారు, మీకే తెలుసు" అన్నాడు. ఒకటో తారీకు జీతం పడేవాడు ప్రవక్తల గురించి మాట్లాడడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. పాస్టర్ల సాయం జాబితా విషయంలో ఇంకోటి కూడా జరిగింది. ఆ జాబితా పట్టుకుని, అందులో ఎస్సీ, బీసీ సర్టిఫికెట్లు ఉన్నవాళ్ళెందరో లెక్కతీసి పైకి ఫిర్యాదులు పంపారు. ఒక చేత్తో ఇచ్చిన జాబితా ఇంకో చేతికి సాక్ష్యమైంది.

ఇది గుర్తుండబట్టే 2024 మార్చిలో జరిగింది చెప్పాలి.

మే 13న పోలింగ్. ఓ అభ్యర్థి తరఫు మనిషి మట్టలాదివారం ఆరాధన అయ్యాక వచ్చాడు. ఏ పార్టీ అన్నది అనవసరం, తర్వాతి వారం రెండోవాళ్ళూ వచ్చారు. మూతబడిన ఫ్యాక్టరీ తెరిపించే మాట ఎలాగూ ఉంటుంది, అది మాకు ప్రతి ఎన్నికకీ వినిపించే కీర్తన. ఈసారి ప్రహరీ గోడ కూడా కట్టిస్తానన్నారు. "సంఘం లిస్టు ఒకటి ఇయ్యండి అయ్యగారూ. పేర్లు, ఇంటి నెంబర్లు. మన మనుసులెవరో తెలిస్తే పనులు సులువైపోతాయి."

పాస్టరు నా వైపు చూశాడు. రెండు రోజులు టైము అడిగాం. అయ్య పోయాక రిజిస్టర్లన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి. రాత్రి ఇద్దరం కూర్చుని పాత పుస్తకాల్లోంచి, కొత్త పుస్తకంలోంచి ఎవరెవరు ఊళ్ళో ఉన్నారో చూసుకుంటూ పోయాం. నల్లట్ట పుస్తకం నా చేతిలోనే ఉంది. 1986 ఏప్రిల్ పేజీ వచ్చింది. ఆ రోజు మునిగినవాళ్ళం ఐదుగురం. నలుగురి పేర్లున్నాయి. రెండో పేరుకీ మూడో పేరుకీ మధ్య ఒక వరస ఖాళీ. వరస సంఖ్య మాత్రం వేసి ఉంది, 112. పేరు లేదు, వయసు లేదు. చివర అయ్యగారి సంతకం ఉంది.

అంటే, సంతకం చేసేటప్పుడు ఆ పాస్టరుగారికీ తెలుసు. మండలాఫీసుకి వెళ్ళడానికి రెండేళ్ళ ముందే, నేను ఒడ్డు మీద తల తుడుచుకుంటూ ఉన్నప్పుడే, అయ్య ఈ లెక్క వేసుకున్నాడు. మిగతావాళ్ళందరి పేర్లూ ఆ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసినవాడు. అబద్ధం రాయలేక నెంబరు వేశాడు. నిజం రాయలేక పేరు వదిలేశాడు. నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఇరవయ్యేళ్ళు నేను ఆయన్ని మనసులో ఒక మాటతో పొడుస్తూనే ఉన్నాను. ఆ రోజు ఆఫీసులో కిటికీలోంచి బయటకి చూశాడే గానీ, 'వద్దురా, నిజం చెప్పు' అనలేదని.

ఒకసారి మాత్రం అడిగాను, ఆయన మంచం పట్టాక. పేతురు మాటొచ్చింది. కోడి కూసేలోగా మూడుసార్లు ఆయనెవరో నాకు తెలీదన్నాడు కదా, మనం కూడా అంతేనా అని. అయ్య కాసేపు ఊరుకున్నాడు. "ఆ రేత్రి సలేస్తంటే పేతురు మంటకాడికి ఎల్లేడురా. మంట ఆల్లదే. అక్కడ కూకుని మరేటంటాడు?" అన్నాడు. ఆ తర్వాత దగ్గు తెర వచ్చింది. ఆ మాట మీద నేను చాలా ప్రసంగాలు విన్నవాడిని గానీ, మంట ఎవరిదని ఏ ప్రసంగీకుడూ అడగ్గా వినలేదు.

పాస్టరుకి ఆ ఖాళీ వరస నేను చూపించలేదు. లిస్టు ఇవ్వొద్దని మాత్రం చెప్పాను. కుటుంబాలెన్నో చెప్పండి, పేర్లు వద్దు, మందిరం ఎవరి బూతు కమిటీ కాదు, మన వాళ్ళ ఓటు మన వాళ్ళది అని చాలా గట్టిగా మాట్లాడాను. పాస్టరు ముఖం వెలిగింది. మంగళవారం ఆయన వాళ్ళకి అదే మాట, నాకంటే మర్యాదగా చెప్పాడు. ప్రహరీ గోడ రాలేదు. తర్వాతి ఆదివారం సంఘం ముందు పాస్టరు నా పేరెత్తి, అధికారం ముందు తలవంచని పెద్దలు మనకున్నారని స్తుతి చెల్లించాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను తల దించుకుని కూర్చున్నాను, వినయం అనుకున్నారు. నేను భయపడింది ఆ పేర్లు ఎవరి చేతికి పోతాయోనని. అందులో మొదటి పేరు నాదే, పుస్తకంలో లేకపోయినా.

ఈ జూన్‌లో మా అమ్మాయికి కాలేజీ అడ్మిషన్. మీసేవలో సర్టిఫికెట్ పెట్టాలి. దానికి పదిహేడు నిండాయి. మొన్న రాత్రి లాప్‌టాప్ ముందు కూర్చుని, "నాన్నా, మతం దగ్గర ఏం కొట్టమంటావ్?" అని అడిగింది. బాప్తిస్మం తీసుకుంటానని పాస్టరుతో చెప్పిందట కూడా. ఈ ఏడాది శారదలో నీళ్ళు లేవు, చర్చిలోనే తొట్టి కట్టించాం.

"రేపు చూద్దాం లేమ్మా, పడుకో" అన్నాను. రిజిస్టరు ఇప్పుడు రాసేది నేనే.