గోదారి గుట్టెక్కిన దారి

నది పల్లానికి పోతుంది. దేవాదుల దగ్గర మాత్రం మిట్టకు పోతుంది. ఏటూరునాగారం అడవుల అంచున గంగారం ఊరి దగ్గర గోదావరిని తోడే కనీస మట్టం సముద్ర మట్టానికి 71 మీటర్లు. అక్కడ గొట్టాల్లోకి ఎక్కిన నీళ్లు మెట్టు మెట్టుగా లేచి, పథకం చివరి కొమ్మ దగ్గర 540 మీటర్లకు చేరాలి. 2001లో శంకుస్థాపన జరిగిన ఈ దేవాదుల ఎత్తిపోతల పథకానికి తర్వాత జె. చొక్కారావు పేరు పెట్టారు. మొదట 38 టీఎంసీలతో మొదలైన లెక్క తర్వాత 60కి పెరిగింది. గంగారం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది, 2019 దాకా భూపాలపల్లిలో ఉండేది. జిల్లా గీతలు మారినా నీళ్ల దారి మాత్రం జనగామ వైపే.

చాలా ఏళ్లపాటు ఈ పంపులు ఏడాది పొడవునా తిరగలేదు. నదిలో మట్టం ఉన్న 170 రోజులే తోడుకోవాలన్నది అసలు అంచనా. తుపాకులగూడెం దగ్గర సమ్మక్క బరాజ్ కట్టి దాదాపు ఏడు టీఎంసీలు నిలపడం మొదలైనాకే ఎండాకాలం మీద ఆశ పుట్టింది. దీనికి ఎగువన, కాళేశ్వరంలో ప్రాణహిత కలిసిన తర్వాత, భూపాలపల్లి జిల్లాలో మేడిగడ్డ బరాజ్ ఉంది. 2023 అక్టోబర్ 21న అక్కడ ఏడో బ్లాకులో పియర్ కుంగింది. రాజకీయంగా దానిమీద ఎంత మాట్లాడినా తనివి తీరదు కానీ మన దారి అటు కాదు.

గొట్టం వెంట పోయే ముందు ఒకసారి పక్కకు తిరిగి చెల్పూరు పోవాలి. నీళ్ల కథలో ఈ ఊరి పేరు ఎవరూ చెప్పరు. భూపాలపల్లి పక్కనే, ఈ ఊళ్లో ఉన్న కాకతీయ థర్మల్ కేంద్రంలో 2010లో 500 మెగావాట్ల యూనిట్, 2016లో 600 మెగావాట్ల యూనిట్ మొదలయ్యాయి. బొగ్గు దగ్గర్లోని సింగరేణి గనుల నుంచి, తాడిచర్ల గని నుంచి వస్తుంది. ఒక టన్ను నీటిని, అంటే వెయ్యి లీటర్లను, 71 నుంచి 540 దాకా 469 మీటర్లు పైకి లేపడానికి నష్టాలేమీ లేవనుకున్నా 1.28 యూనిట్ల కరెంటు కావాలి. ఒక టీఎంసీకి అది 3.6 కోట్ల యూనిట్లు. చెల్పూరు యంత్రాలు రెండూ పూర్తి సామర్థ్యంతో తిరిగితే ఒక రోజుకు పుట్టేది 2.64 కోట్ల యూనిట్లు. ఒక్క టీఎంసీని చిట్టచివరి కొమ్మ దాకా ఎక్కించాలంటే ఆ కేంద్రం మొత్తం రోజున్నరకు దగ్గరగా పనిచేయాలన్నమాట. పంపు నష్టాలు, గొట్టం రాపిడి ఇంకా కలపలేదు.

గ్రిడ్‌లోకి పోయాక కరెంటుకు ఊరి పేరు ఉండదు. ఏ పంపును ఏ బొగ్గు తిప్పిందో ఎవరూ చెప్పలేరు. అయినా లెక్క పొలం దాకా తీసుకుపోదాం. ఎకరం యాసంగి వరికి పంటకాలమంతా కలిపి 1,200 మిల్లీమీటర్ల నీళ్లనుకుంటే 4,850 ఘనపు మీటర్లవుతాయి. పూర్తి ఎత్తుకు లేపితే ఎకరానికి 6,200 యూనిట్లు. యూనిట్‌కు ముప్పావు కిలోకు కాస్త తక్కువ బొగ్గు చొప్పున నాలుగు టన్నులు దాటుతుంది. ఎకరానికి పాతిక క్వింటాళ్ల వడ్లు పండితే కిలో వడ్ల వెనుక రెండున్నర యూనిట్లు. మర పట్టించి బియ్యం చేసుకుంటే కిలోకు మూడున్నర దాటుతాయి. అన్ని పొలాలూ చివరి ఎత్తున లేవు, వాననీళ్లూ కొంత కలుస్తాయి కాబట్టి సగటు ఇంతకన్నా తక్కువే. కానీ భూపాలపల్లిలో భూమి కింద నుంచి తీసిందే జనగామలో భూమి మీద పచ్చగా కనిపిస్తోందని చెప్పడానికి ఈ అంకెలు చాలు. ఓపెన్‌కాస్ట్ తవ్వకాల కింద పోయిన పొలాలను ఈ ఎకరాల్లోంచి తీసేయాలా వద్దా అని అడిగేవాళ్లు లేరు.

చెల్పూరుకు దగ్గర్లోనే ఘనపురం. కోటగుళ్లు, గణపసముద్రం అక్కడివే. మరోపక్క పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి, దాని చెరువు. కాకతీయులు చెరువు కట్టింది వాలు చూసి. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేది, తూము ఎత్తితే మడి తడిసేది, మధ్యలో నీళ్లు పంచే నీరటి ఉండేవాడు. కరెంటు బిల్లు సంగతే లేదు. తమాషా ఏమిటంటే ఆ రామప్ప చెరువే ఇప్పుడు దేవాదుల మూడో దశలో ఒక మజిలీ. గంగారంలో ఎత్తిన నీళ్లు భీం ఘనపూర్ మీదుగా అందులో పడి, అక్కడి నుంచి సొరంగం పట్టి హనుమకొండ పక్కన దేవన్నపేటకు వస్తాయి. అక్కడి మోటర్ 2025 మార్చిలో మొదటిసారి తిరిగింది. ఆ నీళ్లు చేరే ధర్మసాగరం జలాశయం నుంచి వరంగల్ నగరం తాగుతుంది, మిగిలినవి గండిరామారం, బొమ్మకూరు, అశ్వరావుపల్లి, చిటకోడూరు వైపు జనగామ మెట్టకు ఎక్కుతాయి.

జనగామ నేలకు నీళ్లు దాచుకునే గుణం తక్కువ. ఎర్ర చెలక, కింద గ్రానైటు రాయి. రాతి పగుళ్లలో దొరికినన్ని నీళ్లే బోరుకు. తెలంగాణ రైతాంగ పోరాటంలో 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చిందీ, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిందీ ఈ నేల కోసమే. భూమి చేతికొచ్చిన తర్వాతి తరాలు దాన్ని తడుపుకోవడానికి రాయిని తొలవాల్సి వచ్చింది. ఎండాకాలంలో బోరు బండి చప్పుడు వినని ఊరు ఇక్కడ ఉండదు. నూటయాభై అడుగుల్లో పడని నీళ్లు మూడొందల్లో పడతాయని ఒకటి, అదీ ఎండితే ఇంకొకటి. ఒక్కో బోరూ ఒక్కో అప్పు.

ఉచిత కరెంటు 2004లో వచ్చింది. 2018 జనవరి 1 నుంచి రోజంతా. రాత్రి కరెంటు కోసం చేలో కాపు కాసి పాము కాటుకో షాక్‌కో పోయిన వాళ్లను ఎరిగిన ఊళ్లకు అది చిన్న మేలు కాదు. ఆ మేలు కిందే ఒక తిరకాసుంది. స్టార్టర్‌కు ఆటో పెట్టేస్తే మోటర్ కరెంటు రాగానే దానంతటదే మొదలవుతుంది, బోరు ఎండేదాకా ఆగదు. ఆటో స్టార్టర్లు తీసేయమని విద్యుత్ సంస్థలు మొత్తుకున్నా తీసేవాళ్లు తక్కువ. పక్కవాడు తోడుతుంటే నేనెందుకు ఆపాలన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. అందుకే రైతు కాలువ అడిగేది నేరుగా పొలానికి కాదు, ముందు చెరువుకు. చెరువు నిండితే బోరు పోస్తదని ప్రతి ఊరికీ తెలుసు. అరవై మీటర్ల లోతు నుంచి తోడడానికి పట్టే కరెంటు, గోదారిని గుట్టెక్కించడానికి పట్టే దాంట్లో ఎనిమిదో వంతే. చెరువు కింది బోరు చౌక, కానీ ఆ చెరువును నింపడమే ఖరీదు. చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకంలో తీసిన పూడిక మట్టి చేలో చల్లుకున్న రైతులు ఈ లెక్కను కాగితం లేకుండానే వేసుకున్నారు.

2024 మార్చిలో ఆ లెక్క తప్పింది. వానలు లేవు, కాలువలు చాలలేదు. దేవరుప్పుల మండలంలో పొట్టకొచ్చిన వరి పశువుల పాలైంది. వరే ఎందుకు వేశారని పట్నంలో కూర్చుని అడగడం తేలిక. కొనే కేంద్రం ఊళ్లోనే తెరుస్తారు, మద్దతు ధర దొరుకుతుంది, కోత మిషను ఒక్క పూటలో పని ముగిస్తుంది. జొన్నకూ కందికీ అంత భరోసా లేదు.

ఇదే జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలంలో ఏనబావి ఉంది. పురుగుమందులూ రసాయన ఎరువులూ మానేశామని ఊరంతా కలిసి 2006లో ప్రకటించుకుంది. దీన్ని ఆదర్శమనో అద్భుతమనో పొగిడి వదిలేయడం నాకు నచ్చదు. వాళ్లు చేసింది గొలుసులో ఒక లంకెను తెంపడం. యూరియా అంటే గ్యాసు, గ్యాసు అంటే శక్తి. ఆ యూరియా రామగుండంలో 2021 నుంచి మళ్లీ తయారవుతున్నా, 2025 ఆగస్టు, సెప్టెంబర్లలో మహబూబాబాద్ జిల్లా రైతులు దానికోసం తెల్లారకముందే చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డారు. ఆ వరసలో నిలబడే అవసరం ఏనబావికి లేదు.

జనగామ మిట్ట దాటితే ఏరు మారుతుంది. అటు పుట్టే పాలేరు, ఆకేరు కృష్ణకు పోయే వాగులు. బొగ్గు కాల్చి పైకి తెచ్చిన గోదారి నీళ్లలో చేను తాగగా మిగిలింది చివరికి కృష్ణలోకే జారుతుంది. మహబూబాబాద్ వైపు శ్రీరాంసాగర్ రెండో దశ కాలువ కూడా గోదారినే తెస్తుంది, కానీ వాలు మీద, మోటర్ లేకుండా. అది కాలువ చివర కాబట్టి పైవాళ్లు విడిచిందే అందుతుంది. బయ్యారం చెరువు కట్టించిన కాకతి మైలమ శాసనం ఈ జిల్లాలోనే ఉంది. ఆ చెరువు కింద చివరి ఆయకట్టు ఇంత దూరంలో ఉండదు.

ఆకేరు ఎండాకాలమంతా ఇసుక. ఆ ఇసుకే దాని చెరువు. వాన నీళ్లను పట్టి ఉంచి ఒడ్డు బావులకు వదిలేది అదే. లారీలు ఇసుకను ఎత్తుకుపోయిన చోట బావులు ముందు ఎండుతాయి. 2024 సెప్టెంబర్ 1న ఇదే వాగు మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర వంతెన మీది నుంచి పారి, సీతారాం తండాను ముంచింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. మార్చిలో నీళ్లు లేక పంట పోయిన ఏడే, సెప్టెంబర్‌లో ఇసుక మేట కింద పంట పోయింది.

మరిపెడ, డోర్నకల్ దిక్కు మిరప నేల. వరికన్నా నీళ్లు తక్కువ, పెట్టుబడి ఎన్నో రెట్లు. 2021–22లో నల్ల తామరపురుగు పూతలోనే తోటలను ఊడ్చేసింది, మందు మీద మందు కొట్టినా లొంగలేదు. పండిన ఏడు ధర ఉండదు. కల్లంలో ఎండిన తేజ రకం బస్తాలు వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కో ఖమ్మానికో పోయి, ధర వచ్చేదాకా కోల్డ్ స్టోరేజీల్లో నిలుస్తాయి. అక్కడ కరెంటు ఉచితం కాదు. అద్దె రైతు లెక్కలోనే పడుతుంది. డోర్నకల్ దాటిన ఆకేరు ఖమ్మం జిల్లా తీర్థాల దగ్గర మున్నేరులో కలుస్తుంది, మున్నేరు పోయి కృష్ణలో కలుస్తుంది.